వదిన పాటలో ఉన్నదెవరు

బ్యాగు జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. వదిన దాని మీద మోకాలు ఆనించి లాగుతోంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సాయం చెయ్యడు, అలాగని అడ్డూ పడడు.

"నాలుగు రోజులకి అన్ని బట్టలెందుకు?" అన్నాడు చివరికి.

"నాలుగు రోజులని ఎవరన్నారు?"

అంతే. వదిన మళ్ళీ జిప్పు లాగసాగింది.

మంచం మీద కూర్చున్న అమ్మ, వదిన సర్దిన బట్టల్లోంచి ఒక్కొక్కటీ బయటికి తీసి మళ్ళీ మడతపెడుతోంది.

"అత్తయ్యా, తియ్యకండి. బస్సు నాలుగింటికి."

"ఆపడానికి కాదమ్మా. ఇలా ముద్దలు చేసి పట్టుకెళ్తే మీ అక్క ఏమనుకుంటుంది? మా ఇంట్లో మడతపెట్టడం కూడా రాదనుకోదూ?"

అమ్మ తీరే అంత. కోడలు ఇల్లు వదిలిపోతోందన్న బెంగ ఒక పక్క, మడత నలిగిందన్న బెంగ ఇంకో పక్క. రెండూ ఒకే గొంతుతో చెబుతుంది.

"ఇదంతా ఎవరి పుణ్యమో అడుగమ్మా," అన్నాడు అన్నయ్య నా వైపు తిరిగి. "అడుగు మన రేడియోని."

ఇంట్లో నన్ను రేడియో అంటారు. నేను టీ గ్లాసు పట్టుకుని గోడకు అతుక్కుపోయాను. నా పుణ్యమే. కాదని ఏ మొహం పెట్టుకుని అంటాను?

వారానికోసారి శుక్రవారం పొద్దున రేడియోలో నాకు అరగంట ఇస్తారు. తమ పాటలు తామే రాసుకుని తామే పాడుకునే ఆడవాళ్ళను వెతికి పట్టుకుని, వీళ్ళను వినండి అని జనానికి చెప్పడం నా పని. ఆరేళ్ళుగా చేస్తున్నాను. లాండ్రీ వ్యాను నడిపే ఆవిడ ఉంది, ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఒక చరణం కడుతుంది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఉంది, ఆవిడ పాటల్లో ఎవరూ ఏడవరు, అందరూ లెక్కపెడుతుంటారు. ఇలాంటివాళ్ళు కావాలి నాకు. ఊరికే కళ్ళనీళ్ళు కార్చే పాట వస్తే పక్కన పెట్టేస్తాను. పాటలో ఆలోచన కనబడాలి.

నాకో పద్ధతి ఉంది. ప్రతి పాటా మూడుసార్లు వింటాను. ఒకసారి కళ్ళు మూసుకుని, ఒకసారి మాటలు కాగితం మీద రాసుకుంటూ, ఒకసారి ఏమీ చెయ్యకుండా. అప్పుడు పాటకు ముందు మూడంటే మూడు వాక్యాలు చెబుతాను. ఆ మూడు వాక్యాలు నమ్మి జనం వింటారు. నాకదే గర్వం.

పోయిన శుక్రవారం వేసిన పాట ఎవరిదో తెలియని నంబరు నుంచి వచ్చింది. కింద "పేరు వద్దు" అని రెండే మాటలు. మూడుసార్లూ విన్నాను. మూడోసారికి ఒళ్ళు జలదరించింది.

*తలుపు మీద నా వేళ్ళు ఆగిపోతాయి*
*గ్లాసు చల్లారింది, నేనింకా చల్లారలేదు*
*వాకిట్లో నా చెప్పులు అటు తిరిగి ఉన్నాయి*

నేను మైకు ముందు కూర్చుని ఏం చెప్పానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఈ పాటలో ఉన్నావిడ వెళ్ళిపోతోంది. ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పలేదు, అంతే. ఆ గొంతు వెనక సన్నగా మోగే శ్రుతి ఏ వాయిద్యానిదో తెలియదు గాని, వింటే మీరూ వదల్లేరు."

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ సమయానికి ఒక ఆరంతస్తుల భవనంలో, లిఫ్టు గొయ్యిలో దిగి ఉన్నాడు, పక్కన రేడియో పెట్టుకుని. మొదటి మాట పాడగానే గొంతు గుర్తుపట్టాడు. అది వదిన గొంతు.

నేను గుర్తుపట్టలేదు. ఒకే ఇంట్లో, ఒక్క గోడ అవతల ఉండే మనిషిని. కొత్త గొంతుల్ని కనిపెడతానని పేరు మోసినదాన్ని! తల కొట్టేసినట్టయింది నాకు.

అన్నయ్య లిఫ్టును రెండంతస్తుల మధ్య వదిలేసి ఇంటికొచ్చి, "వెళ్ళిపోతున్నావా?" అని అడిగాడు. వదిన చాలాసేపు ఆలోచించి "ఏమో" అంది. ఆ "ఏమో" ఈ వారంలో పెరిగి పెద్దదై బ్యాగు దాకా వచ్చింది.

"షాపులో రెండు కళ్ళజోళ్ళు ఈరోజు ఇవ్వాల్సినవి ఉన్నాయి," అంటూ వదిన లేచింది. "అవి ముగించి మూడింటికి వస్తాను. బ్యాగు ఎవరూ ముట్టుకోకండి."

ఆవిడ మెట్లు దిగిందో లేదో అన్నయ్య నా చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళాడు.

"ఒసేయ్, నువ్వు షాపుకెళ్ళు. ఆ పాటలో ఉన్నావిడ వెళ్ళేది కాదు, ఉండిపోయేదని చెప్పు."

"అలా ఎలా చెబుతాను అన్నయ్యా? పాటకి అర్థాలు మార్చకూడదు."

"పోయిన శుక్రవారం నువ్వు చేసిందేమిటి మరి?"

నేను చేతిలోని టీ గ్లాసు బాల్కనీ గోడ మీద పెట్టాను.

"నా మాట తను చెవిన వేసుకోదే. నీ మాట నమ్ముతుంది. రేడియోలో చెప్పావుగా, అందుకే నమ్మింది." అన్నయ్య గొంతు తగ్గించాడు. "గ్లాసు చల్లారిందట. ఆ గ్లాసు నాదే. నేనెప్పుడూ టీ వేడిగా తాగి చావను, ఫోన్‌లో పడి మర్చిపోతాను. చెప్పులు అటు తిరిగి ఉన్నాయట. నిజమే, చూశాను. అందుకే ఈ వారం రోజులూ పొద్దున్నే లేచి వాటిని ఇటు, ఇంటి వైపు తిప్పి పెడుతున్నాను."

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఆరడుగుల మనిషి, లిఫ్టులెత్తే మనిషి, తెల్లారగానే వంగి పెళ్ళాం చెప్పులు తిప్పి పెట్టడం తలుచుకుంటే ఏం చెయ్యను?

"చెబుతావా?"

"చూస్తాను," అన్నాను. చూసేదేముంది, చెప్పడానికే బయల్దేరాను.

దారిలో స్టేషన్ మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ మాటలకు నడుమ ఊపిరి తీసుకోదు.

"ఆ పేరు లేనావిడ ఎవరో తేల్చావా లేదా? ఒకటే ఉత్తరాలు. ఒకావిడ ఆ పాట విని, నాలుగేళ్ళుగా మాట్లాడని చెల్లెలికి ఫోన్ చేసిందట. రేపు ఆవిడ స్టూడియోలో కూర్చుని పాడాలి. ఒప్పుకున్నట్టు సంతకం కావాలి, ఈ సాయంత్రం అయిదులోపల."

"చెల్లెలికా? ఆ పాట విని చెల్లెలికెందుకు చేసింది మేడమ్?"

"నాకేం తెలుసు, అలా అనిపించిందేమో! అయిదు, గుర్తుంచుకో."

ఫోన్ పెట్టేశాక రోడ్డు పక్కన కాసేపు నిలబడిపోయాను. మొగుణ్ణి వదిలి వెళ్ళే ఆడదాని పాట వింటే చెల్లెలు ఎందుకు గుర్తొస్తుంది? ఎంత ఆలోచించినా నా బుర్రకు ఎక్కలేదు.

కళ్ళజోళ్ళ షాపులో ముందు అద్దాల బీరువాలు, వెనక చిన్న గది. వదిన పని ఆ గదిలో. ఫ్రేముకు సరిపోయేలా అద్దాల అంచులు మిషను మీద అరగదీస్తుంది. షాపు పెద్దాయన నన్ను చూసి, "వెళ్ళమ్మా, లోపలుంది. ఈ వారం నాతోనూ మాట్లాడట్లేదు," అన్నాడు.

తలుపు తోశాను. గది నిండా సన్నటి మోత. తెగకుండా, ఒకే స్థాయిలో.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "వదినా! ఈ శబ్దం..."

"మిషనే," అంది వదిన తలెత్తకుండా. "వాయిద్యం అన్నావుగా రేడియోలో. పెద్దాయన రెండు రోజులు నవ్వాడు. దీని పక్కన పాడుకుంటే బయటికి వినబడదు, అందుకని ఇక్కడ పాడుకుంటాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళ అనుభవం అరగదీత మిషనును వాయిద్యమనుకుంది. మీరే చెప్పండి, ఇంకేం మిగిలింది నా పరువు?

వదిన మిషను ఆపి, అద్దం తుడిచి, వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగిన చూపులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మీ అన్నయ్య పంపాడా?"

"ఆయనేం పంపలేదు," అన్నాను. "నేనే వచ్చాను."

"సరే." సంచిలోంచి ఫోన్ తీసింది. "ఇంకో పాట ఉంది. నిన్న పాడాను. విను. విని చెప్పు, ఇందులో ఉన్నావిడ వెళ్తుందా, ఉంటుందా. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను."

"అయ్యో, నేనెవర్ని వదినా చెప్పడానికి?"

"పోయినసారి చెప్పావుగా." మాట మామూలుగానే అంది, దెప్పినట్టు కాదు. "ఆ పాట రాసేటప్పుడు నాకు ఎక్కడికీ వెళ్ళాలని లేదు. నువ్వు చెప్పాక, అవునా, నేను వెళ్ళిపోతున్నానా అని నన్ను నేను అడుక్కున్నాను. కాదు అనడానికి ఒక్క కారణం వెతికాను. దొరకలేదు. ఉందో లేదో, నాకు కనబడట్లేదో, అదీ తెలీట్లేదు. మీ అన్నయ్య అడిగితే ఏమో అన్నాను. నాకు నిజంగానే తెలీదు అమ్మాయ్."

నాకు మాత్రం తెలుసా? అయినా ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాను. పాట మొదలైంది. అద్దాల గురించి, వెలుతురు గురించి. గొంతు బాగుంది, ఎంత బాగుందంటే, ఇంతకాలం ఇది మా వంటింట్లో ఎలా దాక్కుందని నా మీద నాకే ఒళ్ళు మండింది. కాని నా బుర్ర పాట మీద లేదు. బాల్కనీలో అన్నయ్య మొహం మీద ఉంది. నాలుగింటి బస్సు మీద ఉంది. మొదటి చరణం అయ్యేసరికి ఆగలేక, తీసేశాను.

"ఉంటుంది," అన్నాను. "ఉండిపోతుంది వదినా. స్పష్టంగా తెలుస్తోంది."

వదిన నన్ను చూసింది. అలా చూస్తూనే నవ్వేసింది. ఈ వారంలో మొదటి నవ్వు.

"సగమే విన్నావు."

"అంటే... అర్థమైపోయింది కదా అని..."

"మిగతా సగం నేను చెబుతాను విను." వదిన పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టే చెప్పింది.

*దూరం వాళ్ళకొక అద్దం, దగ్గర వాళ్ళకొక అద్దం*
*నీ దగ్గర ఒకటే ఉంది*
*అందులో నేను నీ కంటికి ఆనను*

"బాగుంది వదినా," అన్నాను నీరసంగా. "పాపం, అన్నయ్య వింటే..."

"మధ్యలో మీ అన్నయ్య ఎందుకొచ్చాడు?"

"ఆయన గురించేగా?"

"ఎవరన్నారు?"

నేను ఫోన్ బల్ల మీద పెట్టాను.

"ఆరేళ్ళు," అంది వదిన. "రోజూ నీ గదికి టీ తెచ్చాను. ఒక్క పాట వినిపిద్దామని తలుపు దగ్గర నిలబడేదాన్ని. నువ్వు ఆ చెవులవి తగిలించుకుని, ఎవరెవరి పాటలకో నవ్వుకుంటూ తల ఊపుతూ ఉండేదానివి. లాండ్రీ వ్యాను ఆవిడ పిల్లల సంగతులు కూడా నీకు తెలుసు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని. చల్లారింది ఆ గ్లాసే. నీ గ్లాసు."

మిషను ఆగే ఉంది. ముందు గదిలో ఎవరో కళ్ళజోడు పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నారు. ఒక్కో అక్షరమూ నాకు వినబడుతోంది.

"అందుకే పేరు లేకుండా, పెద్దాయన ఫోన్ నుంచి పంపాను. గుర్తుపడతావనుకున్నాను. అంత మెచ్చుకున్నావు, గుర్తు మాత్రం పట్టలేదు. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు నాకు."

"మరి... చెప్పులు?" అడిగాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"పొద్దున్నే షాపుకి పరుగెత్తాలిగా. తొడుక్కోడానికి వీలుగా నేనెప్పుడూ అటు తిప్పే విడుస్తాను. ఈ వారం ఎవరో ఇటు తిప్పేస్తున్నారు, రోజూ తడబడుతున్నాను."

"అన్నయ్య," అన్నాను. "పొద్దున్నే లేచి తిప్పుతున్నాడు. నువ్వు వెళ్ళిపోతావని."

వదిన చేతిలో అద్దం అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత మిషను వేసింది. ఆ మోతలో ఇంక మాట్లాడటానికి లేదు. నేను బయటికొచ్చేశాను.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. క్షమించమని అడగలేదని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామా అనుకున్నాను. వెళ్ళి ఏమనాలి? ఆరేళ్ళ టీలకు ఒకేసారి థాంక్స్ చెబుతారా ఎవరైనా? ముందు అన్నయ్యకు చెప్పాలి. ఆయన మీద పడ్డ నింద పోతుంది. కనీసం ఒక్కరైనా ఊపిరి పీల్చుకుంటారు.

అన్నయ్య బ్యాగు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు, కాపలా ఉన్నట్టు. అమ్మ జిప్పుకు కొవ్వొత్తి రాస్తోంది.

"ఇది బాగైతే వెళ్ళిపోతుందేమోనమ్మా," అంటున్నాడు అన్నయ్య.

"జిప్పు పాడైందని ఆగే మనిషిని ఆపుకుని ఏం చేస్తావురా పెద్దాడా?" అంటోంది అమ్మ, రాస్తూనే.

నేను ఆయాసపడుతూ, "అన్నయ్యా, ఆ పాట నీ గురించి కాదు!" అన్నాను. "నా గురించి. ఆ గ్లాసు నాది. తలుపు నా గది తలుపు. వినిపించుకోనిది నేను. వదినే చెప్పింది."

సంతోషపడతాడనుకున్నాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అన్నయ్య ముందు అర్థం కానట్టు మొహం పెట్టాడు. తర్వాత లెక్క వేస్తున్నట్టు. తర్వాత చిన్నపిల్లాడి మొహం అయిపోయింది.

"నా గురించి కాదా?"

"కాదు! ఒక్క ముక్క కూడా కాదు!"

"ఒక్క ముక్క కూడానా?"

"రెండో పాట కూడా కాదన్నయ్యా, అదీ నా గురించే!"

"రెండోదీ ఉందా?" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు, మళ్ళీ నోరు జారానని. కాని ఎక్కడ జారానో అర్థం కాలేదు. నింద తీసేస్తే మనిషి కుంగిపోవడమేమిటి? వారం రోజులు ఆ పాటలో దోషిగా ఉన్నవాడు, ఇప్పుడు అందులో లేడని తెలిసి ఇంత దిగాలు పడటమేమిటి?

మూడు దాటింది. మెట్ల మీద అడుగులు. వదిన వచ్చింది, చెయ్యి కడుక్కుంది, బ్యాగు దగ్గరికి వచ్చింది. జిప్పు ఒక్క లాగుకు చివరిదాకా వచ్చేసింది. అమ్మ పని అలా ఉంటుంది.

నేను సంతకం కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "రేపు స్టూడియోకి రమ్మంటున్నారు వదినా. ఇష్టమైతేనే. ఈసారి నేను ముందు ఏమీ చెప్పను. ఒక్క వాక్యం కూడా." పెన్ను కూడా కాగితం పక్కన పెట్టాను. "నన్ను క్షమించు వదినా. నేను వినలేదు."

వదిన కాగితం చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెడుతుందో చింపేస్తుందో ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

"ఏమే," అన్నాడు అన్నయ్య. స్టూలు మీంచి లేవలేదు. "మన పెళ్ళై పన్నెండేళ్ళయింది. నా గురించి ఒక్క పాటా లేదా?"

అమ్మ కొవ్వొత్తి పక్కన పెట్టింది.

వదిన చాలాసేపు ఆయన్ని చూసింది. అబద్ధం చెప్పడానికి ఆవిడ ప్రయత్నించిందని నాకు తెలుస్తూనే ఉంది. కుదరలేదు.

"రాద్దామని కూర్చున్నానండీ. చాలాసార్లు. తిట్టడానికీ కూర్చున్నాను, మెచ్చుకోడానికీ కూర్చున్నాను." ఆగింది. "మీ గురించి నాకేం తెలుసో నాకే తెలీలేదు."

అన్నయ్య తల ఊపాడు. కోపం లేదు, వాదన లేదు. వాదిస్తే బాగుండేది. లేచి వచ్చి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"పద. బస్టాండు దాకా వస్తాను."

"మీరెందుకు? మీకు పని..."

"లిఫ్టు ఎక్కడికీ పోదు. నడిచి వెళ్దాం. అరగంట పడుతుంది." గుమ్మం దాటుతూ, వదిన వైపు చూడకుండా అన్నాడు. "దారిలో చెబుతాను. ఏదైనా అడుగు."

వదిన చెప్పులు తొడుక్కుంది. తర్వాత ఆయన వెనకే మెట్లు దిగింది.

నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. సందు మలుపు దాకా కనబడ్డారు. అన్నయ్య చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. వదిన వింటోందో లేదో ఇంత దూరం నుంచి నాకెలా తెలుస్తుంది? మలుపు దగ్గర ఇద్దరూ ఆగారు. ఎందుకు ఆగారో తెలియదు. మళ్ళీ నడిచారు.

వెనక నుంచి అమ్మ వచ్చి నిలబడింది.

"ఎంతమంది తిరిగొస్తారే?" అంది.

నాకు తెలియదని చెప్పాను.